ఒక ‘యాక్టింగ్’ పలక ఆత్మకథ

నేను జానెడు పొడవును, అంగుళము మందమును గల టేకు చెక్కను. కృష్ణా డెల్టాలోని యొక బోర్డు హైస్కూలునకు బల్లలు చేయగా మిగిలిన ముక్కనుండి వడ్రంగి నన్ను కోసెను. నల్లరంగు పూయించి, తెల్లని యింగ్లీషు అక్షరములతో ‘యాక్టింగ్’ అని వ్రాయించి, నెత్తిన రెండు కొక్కెములు బిగించిరి. నా పుట్టుకనుగూర్చి ఇంతకుమించి చెప్పదగినది లేదు. హెడ్మాస్టరుగారి గది వాకిటిపై ఆయన హోదాను తెలుపు ఇత్తడి పలక యొకటి శాశ్వతముగా మెరయుచుండెడిది. ఆయన సెలవు పెట్టినప్పుడుగాని, బదిలీయై వెళ్లి క్రొత్తవారింకను చేరనప్పుడుగాని, బంట్రోతు నన్ను తెచ్చి దాని యెడమప్రక్కన తగిలించి, అసలువారు వచ్చిన ఉదయమున దింపి బీరువాపై పడవైచెడివాడు.

నేను వ్రేలాడిన దినములలో పెక్కు ఫస్టు అసిస్టెంటుగారి దినములే. ఆయన హెడ్మాస్టరుగారి చేతుల కుర్చీలో ఒక్కనాడును కూర్చుండలేదు. తన బెత్తు కుర్చీని తెప్పించుకొని, బల్లకు ఓరగా వేసికొని, జీతముల బిల్లులపైనను పిల్లల ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకములపైనను సంతకము చేసి, క్రింద ‘యాక్టింగ్’ అను మాటను తన పేరుకంటె స్పష్టముగా వ్రాసెడివారు. ఒకనాడు కొడుకును చేర్పింప వచ్చిన రైతొకడు నన్ను చదివించుకొని, “ఏరా అబ్బాయ్, యాక్టింగంటే నాటకంలో వేషం కట్టడమే గదా?” అని బంట్రోతు నడిగెను. “అవునండి. అసలాయన బస్సు దిగగానే వేషం తీసేస్తారండి” అని వాడనెను. లోపలనున్న ఆయన విననట్లే హాజరుపట్టీ త్రిప్పిరి. ఆ యింగ్లీషు మాటకు పని నిర్వహించుటయనియు, నటించుటయనియు రెండర్థములుండుట నా ప్రారబ్ధము. రాముని పాదుకలు పదునాలుగేండ్లు సింహాసనముపై నుండగా, నావలెనే ప్రాణములేని వస్తువులైనను, వానినెవ్వరును వేషమనలేదు గదా!

నా జ్ఞాతులనుగూర్చి నేను గోడయావలి తరగతినుండి వింటిని. వైద్యుడు ఊరికి వెళ్లినప్పుడు ఆతని రోగులను చూచుటకు వచ్చు మారు వైద్యుని ‘లోకమ్’ అందురని ఇంగ్లీషు మాస్టరుగారు చెప్పగా, పిల్లలు ‘లోకమా!’ యని ఘొల్లున నవ్విరి. అది ‘లోకమ్ టెనెన్స్’ అను లాటిన్ మాటల జంటలో మిగిలిన ముక్క. స్థానమును పట్టియుండువాడని అర్థము. ఫ్రెంచివారి ‘లెఫ్టినెంటు’నకును సరిగా ఇదియే అర్థము. ఒకే యర్థమునకు పుట్టిన యిద్దరిలో ఒకడు మందులసంచి పట్టుకొని పరుల వాకిళ్ల తిరుగుచుండగా, రెండవవాడు భుజమున నక్షత్రములు ధరించి, తానొకరికి బదులను సంగతినే మరచెను. ‘వైస్’ అనగా బదులుగా అనియే. ఐనను 1858 మొదలు ఆ బదులురాజు వైస్రాయియై మనలనేలునప్పుడు ఆయనను బీరువాపై పెట్టిన బంట్రోతు లేడు. ‘ప్రొక్యూరసీ’ యను పొడవాటి మాట నోళ్లలో నలిగి ‘ప్రాక్సీ’ యై, కాలేజీ పిల్లలు రాని స్నేహితునికి బదులుగా ‘ఎస్ సార్’ అనుటకు పనికివచ్చుచున్నది. నాటకశాలలో మరియొకరి పాత్రనంతయు కంఠస్థముచేసి, తెరవెనుక కాచుకొనియుండువానిని ‘అండర్‌స్టడీ’ యందురట. నాటకమను నింద యెట్లును తప్పనప్పుడు, నాకా పేరైన పెట్టియుండవచ్చును.

తెలుగు పండితులుగారు ఒకసారి నన్ను చూచి నవ్వి, “ఆగమం మిత్రుడండీ, వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు, ఉన్నదాన్ని వెళ్లగొట్టి కూర్చుంటుంది. ‘వాడు వోయె’ అన్నాక ఆ పకారం మళ్లీ వస్తుందా? ఈ పలక తీరు వేరు, పోయినవారు వచ్చేదాకా కనిపెట్టుకొని ఉంటుంది. దీనికి మన వ్యాకరణంలో చోటు లేదు” అనిరి. నాకు గర్వము కలిగించిన మాటలు చరిత్ర మాస్టరుగారివి. గవర్నరు జనరలు స్థానమున తాత్కాలికముగా నుండిన జాన్ ఆడమ్ 1823లో మనదేశపు పత్రికలకు లైసెన్సుల ముడి బిగించెననియు, 1835లో అట్లే తాత్కాలికముగా నుండిన ఛార్లెస్ మెట్కాఫ్ దానిని విప్పెననియు ఆయన చెప్పగా వింటిని. ముడివేసినవాడును నావాడే, విప్పినవాడును నావాడే!

మా ఫస్టు అసిస్టెంటుగారొకసారి పదునొకండు నెలలు వరుసగా ఆ బెత్తు కుర్చీలో నుండిరి. వానకు కూలిన తూర్పుగోడను కట్టించిరి. ఒక తరగతిని పరీక్షకు పంపిరి. తరువాత వచ్చినవారు, పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్లతో పెద్ద బోర్డొకటి వ్రాయించినప్పుడు, ‘యాక్టింగులెందుకు?’ అని ఒక్క మాటతో ఆయన పేరు తీసివేయించిరి. ఆ బోర్డుపై ఒకరి కడపటి తేదీకిని, వేరొకరి మొదటి తేదీకిని నడుమ పదునొకండు నెలల ఖాళీ నేటికిని కలదు. ఆయన రిటైరైన సాయంకాలము బీరువాపైకి తలయెత్తి చూచిరి. నన్నే వెదకుచున్నారనుకొంటిని, ఆయన వెదకినది గొడుగు.

1959లో జిల్లా పరిషత్తులు వచ్చి మా బోర్డు హైస్కూలు పేరు మారెను. ‘ఇన్‌ఛార్జి’ యను తెలుగు అక్షరములతో రేకు పలక యొకటి నా స్థానమున చేరెను. జీవితమంతయు బదులుగా నుండినదానికే బదులు వచ్చెను! బీరువాపై పగిలిన గ్లోబుతోను, బల్లుల గ్రుడ్లతోను పదేండ్లు పడియుంటిని. నల్లరంగు పెచ్చులూడెను, ఒక కొక్కెమును ఎవరో గోడగడియారమునకు పెరికికొనిరి. 1969 వేసవిలో పదవ తరగతి గదిలోని కిటికీప్రక్క బల్లకు కోడు అంగుళము మేర విరుగగా, నన్ను తెచ్చి అక్షరములు నేలకు తగులునట్లు దాని క్రింద దోపిరి. స్టాఫురూము రేడియోలో ఆ దినములలో వి.వి. గిరి మాటయే, రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గతింపగా ఉపరాష్ట్రపతియైన గిరి ఆ స్థానమును తాత్కాలికముగా చూచి, రాజీనామా యిచ్చి పోటీచేసి, ఆగస్టులో పూర్తి రాష్ట్రపతియయ్యెను. నావారిలో ఒకడు ఇత్తడియయ్యెనని బల్లక్రిందనే సంతసించితిని.

నన్ను దోపిన నాడు, వడ్రంగి వచ్చి క్రొత్త కోడు వేయువరకు మాత్రమే యనిరి. తొమ్మిదేండ్లు గడచినవి. వడ్రంగి యింకను రాలేదు.