రెండుముప్పావు మిల్లీమీటర్ల గొడవ

సాయంత్రం ఆరు దాటాక మెట్టుగూడలోని మా ఇరానీ హోటల్లో, మూల బల్ల దగ్గర నలుగురు పెద్దమనుషులూ ఒక కుర్రాడూ గొంతులు పెంచి మాట్లాడుకుంటూ కనిపిస్తే కంగారు పడకండి. ఆ మధ్య పక్క బల్లాయన పడ్డాడు. "పట్టా తక్కువొచ్చింది", "మీ పట్టా మా పట్టాతో కలవదు", "కొలిచే చెబుతున్నానండీ" అన్న మాటలు చెవిన పడి, ఇదేదో పొలం తగాదా అనుకుని, "సర్వేయర్ని పిలిపించుకోకపోయారా?" అని సలహా ఇచ్చాడు పాపం. ఎంత తక్కువొచ్చిందని కూడా అడిగాడు. రెండుముప్పావు మిల్లీమీటర్లన్నాం. చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు.

మేం ఇళ్ళల్లో రైళ్ళు నడుపుకునేవాళ్ళం. తిరనాళ్ళలో కొని పిల్లలకిచ్చే కీ రైళ్ళు కావు. అసలు రైలును కొలిచి, 87వ వంతుకు కుదించి చేసే నమూనాలు. ఈ కొలతను హెచ్.ఓ. అంటారు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఇదే కాబట్టి పట్టాలూ చక్రాలూ మోటార్లూ ఈ సైజులో సులువుగా దొరుకుతాయి. రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ళకూ జర్మనీ వాళ్ళకూ ఇది చక్కగా అతికిపోతుంది. వాళ్ళ అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు మరి. మనది 1676. డల్హౌసీ కాలంలో దొరలు ఈ దేశానికి వెడల్పు పట్టాలే మేలని తీర్మానించి వెళ్ళిపోయారు, వాళ్ళ సొమ్మేం పోయింది. 1676ను 87తో భాగించండి, 19.26 వస్తుంది. బజార్లో దొరికేది 16.5. ఆ మిగిలిన 2.76 మీదే మా సాయంకాలాలు నడుస్తున్నాయి.

ఈ లోటును రోజూ గుర్తుచేసేది మా మిల్లీమీటర్ మాస్టారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యారు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన వెర్నియర్ కాలిపర్స్ పెట్టుకుంటారు. ఉస్మానియా బిస్కెట్ మందం కొలిచి, నిన్నటికన్నా అర మిల్లీమీటరు తగ్గిందని కౌంటర్ దాకా వెళ్ళి వాదించిన ఘనుడు. ఆయనకు ఎదురుగా కూర్చునేది బెజవాడ డ్రైవర్ గారు. బొగ్గింజన్ మీద ఫైర్‌మన్‌గా ఎక్కి, కరెంటింజన్ మీంచి దిగారు. లోకో పైలట్ అంటే ఆయనకు కోపం. "పైలట్టేంటండీ, మనవేవన్నా విమానవెక్కావా?" అంటారు. మూడో ఆయన పళ్ళ డాక్టరు. నాలుగోవాడు వరంగల్ కుర్రాడు, పగలంతా సాఫ్ట్‌వేర్, సాయంత్రం నుంచి హార్డ్‌వేర్. ఇక నేను. నా అర్హతల్లా ఒక్కటే, మేడ మీద ఖాళీ గది.

లోటు మాట వచ్చినప్పుడల్లా డాక్టర్ గారు ఇంగ్లండు కథ చెప్పి ఓదారుస్తారు. బ్రిటిష్ ఇంజన్లు అసలే సన్నం. వాటిని 87వ వంతుకు కుదిస్తే 1920ల నాటి మోటార్లు ఆ పొట్టలో పట్టలేదు. ఏం చేశారు? ఇంజన్ ఒంటిని అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పెంచారు, కింద పట్టాను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. చొక్కా కొత్తగా కుట్టించి నిక్కరు పాతదే తొడిగినట్టు. 1938లో హార్న్‌బీ వాళ్ళు డబ్లో రైళ్ళు తెచ్చి ఈ కొలతనే ఇంటింటికీ ఎక్కించారు. ఇవాళ్టికీ అక్కడ అదే నడుస్తోంది. మనకు వెడల్పు పట్టాలు అంటగట్టిన దొర తన ఇంట్లో మాత్రం ఇరుకు పట్టాల మీద నడుపుకుంటున్నాడన్నమాట. ఈ కథ విన్న రోజు మాకు చాయ్ ఇంకాస్త రుచిగా ఉంటుంది. మాస్టారొక్కరే కరగరు. "వాడి లోటు 2.33. మనది 2.76. ఇందులోనూ మనమే ముందున్నాం" అంటారు.

ఓసారి ఆయనే ఒక పరిష్కారం పట్టుకొచ్చారు. పట్టాను పెంచలేం కాబట్టి రైలునే తగ్గిద్దామని. 1676ను 16.5తో భాగిస్తే 101.6. రైలును 101.6వ వంతుకు కుదిస్తే పట్టా సూది మొనంత తేడా లేకుండా అతుకుతుంది. బల్ల మీద టిష్యూ పేపర్ పరిచి లెక్క చేసి చూపించారు. కాసేపు అందరం మాట పడిపోయి కూర్చున్నాం.

"మరి ప్లాట్‌ఫారం మీద మనుషులో?" అన్నారు డాక్టర్ గారు.

మనుషులు బజార్లో కొన్నవాళ్ళు, అందరూ 87వ వంతువాళ్ళే. మాస్టారి రైలు పక్కన నిలబెడితే ఐదున్నర అడుగుల మనిషి ఆరడుగుల ఐదంగుళాలు తేలతాడు. సికింద్రాబాద్ స్టేషన్ నిండా బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళే.

"గంత పొడుగున్నోళ్ళు అప్పర్ బెర్తుల ఎట్ల పండుతరు సార్?" అన్నాడు కుర్రాడు. ఆ పరిష్కారం అక్కడితో సరి. టిష్యూ పేపరుతో మాస్టారు చెయ్యి తుడుచుకున్నారు.

ఇంత నిక్కచ్చి మనుషులం కదా, మా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు బోగీలెన్నో తెలుసా? ఐదు. ఎల్.హెచ్.బి. రకం బోగీ అసలు పొడవు 23.5 మీటర్లు, మా కొలతలో 27 సెంటీమీటర్లు. 24 బోగీల రైలు కట్టాలంటే ఇంజన్ కాక ఆరున్నర మీటర్లు కావాలి. నా గది పొడవు నాలుగు. అంచేత 1974 నుంచి విశాఖకూ హైదరాబాదుకూ మధ్య నిండుగా తిరుగుతున్న బండి, మా మేడ మీదకొచ్చేసరికి ఐదు పెట్టెలైపోయింది. రెండుముప్పావు మిల్లీమీటర్లకు రాత్రిళ్ళు నిద్రపట్టని మాస్టారు ఈ మాయమైన బోగీల గురించి పన్నెత్తి మాట్లాడరు. జనరల్ పెట్టె ఒక్కటే పెట్టాం. ఆ ఒక్క విషయంలో మాది అచ్చం అసలు రైల్వేలాగే ఉందని డాక్టర్ గారి చమత్కారం.

వంతెనది ఇంకో కథ. డ్రైవర్ గారికి రాజమండ్రి ఆర్చి వంతెన కావాలి. 1997లో హావ్‌లాక్ వంతెనకు విశ్రాంతినిచ్చి రైళ్ళను దాని మీదకు మళ్ళించారు కదా, అదే. పొడవు 2.7 కిలోమీటర్ల పైమాట, ఆర్చీలు 28. మా కొలతకు దించితే 31 మీటర్లు దాటుతుంది. అంటే మా మేడ మీంచి బయల్దేరి, పిట్టగోడ దూకి, ఎదురింటివాళ్ళ పూజగదిలోంచి పోవాలి. ఒక్క ఆర్చికే మీటరు పైన పట్టింది. చివరికి రెండు ఆర్చీలకు రాజీ కుదిరింది. రాజమండ్రిలో కూత వేసిన రైలు కూత ఆపేలోగా కొవ్వూరు చేరుతుంది.

"ఇది గోదారి కాదండీ, పంటకాలవ" అని డ్రైవర్ గారు నొచ్చుకున్నారు. అయినా తొలిరైలు దాటిన రోజున అలవాటు చొప్పున జేబులోంచి రూపాయి తీసి, దణ్ణం పెట్టి, నీళ్ళలో వేశారు. నీళ్ళంటే ఆరిన రెజిన్. టంగుమంది. మాస్టారు వెంటనే కాలిపర్స్ తీశారు. రూపాయి బిళ్ళ అడ్డంగా 22 మిల్లీమీటర్లు, అసలు కొలతకు పెంచితే దాదాపు రెండు మీటర్లు. "కింద పడవవాడు పోయాడండీ" అన్నారు గంభీరంగా. ఆ వారమంతా హోటల్లో మాకు ఆ పడవవాడి నష్టపరిహారమే చర్చ.

సామాను సంగతికొస్తే, మా హాబీలో సగం వస్తువులు దుకాణంలోవి కావు, ఇంట్లోంచి మాయమైనవి. నేల రంగుకు వాడేసిన టీపొడి. హోటల్ వాళ్ళు ఉచితంగానే ఇస్తారు, ఎందుకని ఇప్పటిదాకా అడగలేదు. మొక్కలంటే ఇష్టమనుకుంటారనుకుంటాను. చెట్లకు బీరపీచు ముక్కలు ఆకుపచ్చ రంగులో ముంచి ఆరేస్తాం. మా స్నానాలగదిలో పీచు నిలవడం మానేసి చాలా కాలమైంది, అరకులో అడవి మాత్రం దట్టంగా పెరిగింది.

పట్టాల మధ్య కంకర పోసే రోజు చూడాలి డాక్టర్ గారిని. ఆవగింజలో సగముండే రాళ్ళు. స్లీపర్ల మధ్య చెంచాతో పోసి, మెత్తటి బ్రష్‌తో సర్దుతారు. ఒక్క గింజ పట్టా లోపలి అంచుకు ఆనుకున్నా చక్రం ఎక్కి దూకుతుంది. ఆపైన గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్ళు సన్నగా చిలకరించాలి. ఆ చుక్క లేకపోతే జిగురు రాళ్ళలోకి ఇంకదు, ఉండలు కట్టి పైనే కూర్చుంటుంది. అప్పుడు పలచన చేసిన ఫెవికాల్‌ను సిరంజిలోకి ఎక్కించి చుక్క చుక్కగా వదలాలి. సిరంజీలు ఆయనవే, తలకు కట్టుకున్న లైటూ ఆయనదే. వంగి, ఊపిరి బిగబట్టి పని ముగించి, నడుం మీద చెయ్యేసుకుని లేచి, "ఓ అరగంట దీంతో ఏం నమలకండి" అంటారు. ఎవరితో అంటున్నారో ఆయనకూ తెలీదు.

ఒకసారి పట్టాలు మార్చే పాయింట్ల దగ్గర జిగురు నాలుగు చుక్కలు ఎక్కువైంది. తెల్లారేసరికి నాలుక పట్టేసింది, మెయిన్ లైన్ బండ్లన్నీ లూపులోకే పోతున్నాయి. డాక్టర్ గారు తొణకలేదు. పళ్ళ గార తీసే కొక్కెం తెచ్చి మొత్తం గీకి, శుభ్రంగా ఊది, "ఇకనుంచి రోజూ రెండు పూటలా తోమండి" అని నాకు చెప్పి వెళ్ళారు. నిజానికి అది మంచి సలహానే. పట్టాల మీదుగానే ఇంజన్‌కు కరెంటు అందాలి, హైదరాబాద్ దుమ్ము ఒక పొర పడిందంటే ఎంత గొప్ప ఇంజనైనా మొరాయిస్తుంది. అప్పుడు వేలితో చిన్నగా నెట్టాలి. అమెరికా హాబీవాళ్ళు ఈ నెట్టుడుకు కూడా హోదా ఇచ్చారు. ఆవిరి ఇంజన్లను చక్రాల లెక్కతో 2-8-2 అనీ 4-6-2 అనీ పిలుస్తారు కదా, నెట్టే చేతికి ఐదు వేళ్ళున్నాయని దాన్ని 0-5-0 ఇంజన్ అంటారు. మా షెడ్డులో అన్నిటికన్నా నమ్మకమైన ఇంజన్ అదే. మరమ్మతు ఖర్చు లేదు, లోకో నంబరొక్కటే వేయించుకోలేదు.

మా కబుర్లలో పెద్దవాళ్ళూ వస్తుంటారు. హాంబర్గ్‌లో 2001 నుంచి నడుస్తున్న మినియేచర్ వండర్‌లాండ్‌లో పట్టా 16 కిలోమీటర్లు దాటిందని డాక్టర్ గారంటే, అంత పట్టా తుడిచేదెవరని నా మొదటి ప్రశ్న. పుణె కోత్రుడ్‌లో జోషి గారి చిన్న రైళ్ళ మ్యూజియం చూసి రావాలని 1998లో అది తెరిచినప్పటినుంచీ మాస్టారు అంటూనే ఉన్నారు, ఏ రైలుకు వెళ్ళాలన్న దగ్గరే చర్చ ఆగింది. అందరిలోకీ నేను అభిమానించేది పాటగాడు రాడ్ స్టీవర్ట్‌ను. 1940ల నాటి అమెరికా నగరాన్ని రైళ్ళతో సహా కట్టడానికి ఇరవై ఏళ్ళ పైన పెట్టాడు. కచేరీలకు ఊళ్ళు తిరిగేటప్పుడు కూడా నమూనాలు చేసుకోవడానికి హోటల్లో అదనంగా ఒక గది తీసుకునేవాడట. ఈ సంగతి మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పాను. "హోటల్లో గది తీసుకున్నాడు కదా, ఇంట్లో కాదుగా" అంది.

పోయిన ఆదివారం కుర్రాడు కొత్త గడియారం తెచ్చాడు. మన గంట దానికి నాలుగు గంటలు. మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే సాయంత్రానికల్లా విశాఖ నుంచి హైదరాబాదు దాకా మొత్తం టైంటేబుల్ ప్రకారం నడిపేయొచ్చని వాడి పథకం. వేగానికీ లెక్క కట్టాడు. గంటకు 110 కిలోమీటర్లంటే మా పట్టాల మీద సెకనుకు 35 సెంటీమీటర్లు. రైలు అంతకు మించితే డ్రైవర్ గారు చూడకుండానే, చప్పుడు విని, "ఓవర్‌స్పీడు బాబూ, ఛార్జిషీటొస్తది" అంటారు.

బండి విశాఖ వదిలింది. తుని, రాజమండ్రి, పంటకాలవ, ఏలూరు. బెజవాడ ఇంకా అరమీటరు ఉందనగా డ్రైవర్ గారు చెయ్యి చాపి రెగ్యులేటర్ సున్నాకు తిప్పేశారు.

"ఏమైంది బాబాయ్? సిగ్నల్ గ్రీనే ఉన్నది గద."

"అవుటరు. బెజవాడ అవుటర్లో ఆక్కుండా ఏ బండన్నా లోపలికొచ్చిందా? మొత్తం నేచురల్‌గా ఉండాలన్నావ్ కదా."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"అంటే మన గడియారంల ఐదు నిమిషాలు."

"కాదు. పరుగుకు స్కేలుంటది గానీ, ఆగడానికి స్కేలుండదు బాబూ. ఇరవై అంటే ఇరవయ్యే."

ఆశ్చర్యం, మాస్టారు దీన్ని ఒప్పుకున్నారు. ఇరవై నిమిషాలు ఎంత మిల్లీమీటరైనా ఇరవై నిమిషాలేనని. అలా ఐదుగురం ఆగిన రైలు చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కుర్రాడి పెళ్ళిచూపులు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసింది. అమ్మాయికి రైళ్ళ సంగతి ఇంకా చెప్పలేదట. చెప్పొద్దని ముగ్గురం, ముందే చెప్పడం ధర్మమని డాక్టర్ గారు. మాస్టారి పెన్షన్ బకాయిలు, డ్రైవర్ గారి మోకాలు, ఈ ఏడు మామిడికాయ ధర, అన్నీ వరసగా లైన్ క్లియర్ చేసుకుని వెళ్ళిపోయాయి. రైలు మాత్రం కదల్లేదు.

మా ఆవిడ పైకొచ్చి చూసింది. "కదలదేం? చెడిపోయిందా?"

"లేదు చెల్లెమ్మా, అవుటర్లో ఉంది."

"ఎంతసేపు పడుతుంది?"

"ఏం చెప్పగలం. లైనివ్వాలి."

ఆవిడ మారు మాట్లాడకుండా కిందికి వెళ్ళి, గోరుచిక్కుళ్ళ బుట్టా ఐదు పళ్ళేలూ తెచ్చి మా మధ్య పెట్టింది. బండి బెజవాడ ఒకటో నంబర్ ప్లాట్‌ఫారానికి చేరేసరికి రెండు కిలోలూ తుంచడం పూర్తయింది. మాస్టారి పళ్ళెంలో ముక్కలన్నీ ఒకే పొడవు, 18 మిల్లీమీటర్లు.

బుట్ట తీసుకుని మెట్లు దిగుతూ ఆవిడ వెనక్కి తిరిగింది. "అన్నయ్య గారూ, వచ్చే ఆదివారం కాజీపేట దగ్గర కూడా ఓ గంట ఆపండి. గోంగూరుంది."