పొద్దుటి చుక్క చాలదు

నేను గ్లూకోమీటర్‌ని. చక్కెరను పట్టే ఎంజైమును ఎలక్ట్రోడుకు జోడించవచ్చని 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ చూపించాడు. నా వంశానికి మూలం అదే. స్ట్రిప్పు చివర రక్తపు చుక్క తగలగానే సన్నని కరెంటు పుడుతుంది, దాన్ని నేను అంకెగా చూపిస్తాను. షుగరున్న పెద్దవాళ్ల వస్తువుగానే నన్ను చూస్తారు గానీ, బ్లడ్ క్యాన్సర్ వార్డులో పిల్లల మంచాల పక్కన కూడా నా అవసరం ఉంది. అదీ పొద్దున్నే కాదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక.

పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సరే. దాని చికిత్సలో ఇండక్షన్ అనే మొదటి విడతలో వారాల తరబడి ప్రెడ్నిసొలోన్ గానీ డెక్సామెథసోన్ గానీ, ఏదో ఒక స్టిరాయిడ్ ఇస్తారు, తోడుగా ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు వేస్తారు. స్టిరాయిడ్ వల్ల కాలేయం అదనంగా చక్కెర తయారుచేస్తుంది, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆస్పరాజినేజ్ ఆ ఇన్సులిన్ తయారీనే తగ్గిస్తుంది, ఒక్కోసారి క్లోమం వాచేలా కూడా చేస్తుంది. ప్రాణం నిలిపే ఈ రెండు మందులూ కలిస్తే కొందరు పిల్లల్లో చక్కెర డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పదేళ్లు దాటినవాళ్లలో, ఊబకాయం ఉన్నవాళ్లలో, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ. స్టిరాయిడ్ వల్ల పెరిగే చక్కెర పరగడుపున చాలాసార్లు మామూలుగానే ఉండి, భోజనం తర్వాతే ఎగబాకుతుంది. తెల్లవారుజామున మిగతా పరీక్షలతో పాటు చూసిన అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ పెరుగుదల చేతికి దొరకదు. లక్షణాలను బట్టి పసిగడదామన్నా కుదరదు. సెలైన్ ఎక్కుతున్న బిడ్డకు మూత్రం ఎలాగూ ఎక్కువే, స్టిరాయిడ్ వాడుతున్న బిడ్డకు ఆకలి ఎలాగూ ఎక్కువే. కొన్ని నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష లెక్కనూ రక్తహీనత, ఎక్కించిన రక్తం కలిసి తారుమారు చేస్తాయి.

మందు ఆపితే తగ్గిపోయేదే కదా అనేవాళ్లున్నారు. చాలామందిలో తగ్గుతుంది, నిజమే. కానీ ఆ వారాల్లోనే తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. చక్కెర పెరిగిన పిల్లల్లో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది. దానికి చక్కెరే కారణమా, జబ్బు తీవ్రతకు అదొక గుర్తేనా అన్న చర్చ సాగుతూనే ఉంది. అయినా ఒంట్లో నీరు ఇంకిపోవడం, అరుదుగానైనా రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావడం గురించి ఎవరికీ సందేహం లేదు. ప్లేట్‌లెట్లు పడిపోయిన పసివేలిని ఇంకోసారి గుచ్చాలా అన్న అభ్యంతరం మాత్రం బరువైనది. అక్కడ మూత్రంలో ముంచే చౌక స్ట్రిప్పు ఆసరా అవుతుంది, ఎందుకంటే రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రంలో కనబడుతుంది. అది రంగు మారితే అప్పుడు నన్ను వాడవచ్చు. రక్తహీనత ఉన్న బిడ్డలో నా అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు కాబట్టి ల్యాబులోనూ సరిచూడాలి. చక్కెర పెరిగిందని క్యాన్సర్ మందును ఇంట్లోవాళ్లు సొంతంగా తగ్గించకూడదు. నీరసమని పట్టించే గ్లూకోజ్ నీళ్లు, పళ్లరసాలు మానాలి. అవసరమైతే డాక్టర్లు ఇన్సులిన్ ఇస్తారు.

ఇండక్షన్‌లో ఉన్న బిడ్డల అమ్మానాన్నలు డ్యూటీ నర్సును ఒక్క మాట అడగండి: మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు షుగర్ చూశారా అని.