గునపానిది ఏ కాలేజీ?

తిరుమల కొండ మీద చెల్లుబాటయ్యే కాగితాలు రెండు. ఒకటి ఎమ్మెల్యే గారి సిఫార్సు లేఖ, రెండోది అబ్బాయి ర్యాంకు కార్డు. మొదటిదాన్ని బ్రేక్ దర్శనం కౌంటర్లో చూపిస్తారు. రెండోదాన్ని ఏకంగా స్వామికే చూపిస్తారు.

కొండ కింద చదువులకేం కరువు లేదు. 1954లోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో ఐఐటీ, ఐసర్ ఒకే ఏడాది వచ్చి ఏర్పేడు వైపు స్థిరపడ్డాయి. అయినా అలిపిరిలో మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పూసుకుంటూ ఎక్కే తల్లి మొక్కు చూడండి: బొంబాయి ఐఐటీ అయితే ఇంటిల్లిపాదికీ గుండు, ఎన్‌ఐటీ అయితే మూడు కత్తెర్లు. పక్కనున్న తిరుపతి ఐఐటీకి ఏమిస్తుందో అడగలేదు. ఊళ్లో ఉన్నదానికి మొక్కేమిటని కాబోలు.

ఆ గుండ్లన్నీ కల్యాణకట్టకే చేరతాయి. తల తడిపి, కొత్త బ్లేడు తీసి, "తల వంచు నాయనా" అంటాడు క్షురకుడు. ఎడమచేత్తో నెత్తి పట్టుకుని మాడు నుంచి మెడ దాకా గీసుకొస్తాడు. చెవి వెనకాల మాత్రం చెయ్యి నెమ్మదిస్తుంది. రాత్రి షిఫ్టయినా, చంటిపిల్ల కాళ్లు తన్నుకుంటున్నా గాటు పడనివ్వడు. ముందున్నది మొదటి ర్యాంకు తలో, మూడుసార్లు తప్పిన తలో ఆయనకు అనవసరం. తర్వాత ఆ జుట్టు ఈ-వేలానికి పోతుంది. అక్కడ గ్రేడు పొడవును బట్టే. ఏ కోచింగ్ సెంటర్లో పెరిగిన జుట్టని కొనేవాడు అడగడు.

ఇంతకీ ఈ కొండ ఎవరి సర్టిఫికెట్ దాచుకుందో చూద్దామా? మహాద్వారం దగ్గర గోడకు ఒక ఇనుప గునపం వేలాడుతోంది. అనంతాళ్వారుది. సంప్రదాయం చెప్పే కథ ఇది. రామానుజులవారు శ్రీరంగంలో పాఠం చెబుతూ, "తిరుమలలో స్వామికి పూలతోట వేసేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారట. ఆ కాలానికి శ్రీరంగాన్ని మించిన క్యాంపస్ లేదు. కూర్చున్నవాళ్లంతా ఉద్దండులు. కానీ తిరుమలంటే అడవి, చలి, పైగా మట్టిపని. ఆ క్షణంలో అందరికీ తాటాకుల్లో అత్యవసరమైన పాఠమేదో కనిపించింది. లేచింది అనంతాళ్వారొక్కడే.

వచ్చాడు, తోట వేశాడు, నీళ్లకోసం చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. నిండు చూలాలైన భార్య తట్టలతో మట్టి మోస్తోంది. చూడలేక ఒక కుర్రవాడు వచ్చి చెయ్యందించాడు. నా సేవలో నీకు వాటా ఏమిటని అనంతాళ్వారు కోపంతో గునపం విసిరితే వాడి గడ్డానికి తగిలింది. తర్వాత చూస్తే గుడిలో స్వామి గడ్డం నుంచే నెత్తురు. ఇప్పటికీ మూలవిరాట్టు గడ్డానికి పచ్చకర్పూరం అద్దేది అందుకేనంటారు. కడుపుతో ఉన్న మనిషి చేత తట్టలు మోయించడాన్ని నేను మెచ్చను, అది వేరే సంగతి. కానీ ఇవాళ మనమైతే ఏం చేసేవాళ్లం? ఆ కుర్రవాడికి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ రాసిచ్చి, చెరువంతా వాడి చేతే తవ్వించి, ప్రారంభోత్సవం రోజు రిబ్బను మనం కత్తిరించేవాళ్లం.

అనంతాళ్వారు చదువురానివాడని పొరబడకండి. 'వేంకటాచల ఇతిహాసమాల' అనే సంస్కృత గ్రంథం ఆయన పేరు మీదే ఉంది. ఆ గ్రంథం ఎంతమంది చదివారో గానీ, గునపాన్ని మాత్రం రోజూ వేలమంది తలెత్తి చూస్తారు.

కుమ్మరి భీముడి కథా ఇలాంటిదే. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజిస్తే, చక్రం మీద పని చేసుకుంటూ ఈయన సమర్పించిన మట్టిపూలు వాటిని పక్కకు నెట్టేశాయట. ఇప్పటికీ గర్భగుడి గడప అయిన కులశేఖరపడి దాటి లోపలికి పోయే నైవేద్యం ఓడులో పెట్టిన దద్దోజనమే. ఓడంటే పగిలిన మట్టికుండ. బంగారు పళ్లేలకు అక్కడిదాకా సిఫార్సు లేదు.

ఇదంతా మన పెద్దలకు తెలియదని కాదు. స్టార్ హోటల్లో సదస్సు పెట్టి, మొదటి స్లైడులో తాను చదివిన ఐఐటీ, రెండో స్లైడులో ఐఐఎం చూపించి, మూడో స్లైడు నుంచి "డిగ్రీ ముఖ్యం కాదు, పనే దైవం" అంటారు. వినేవాళ్లు చప్పట్లు కొడతారు. వెనకాల టీ కప్పులు తీసే కుర్రవాడికి ఆ దైవం అప్పటికే బాగా పరిచయం, దర్శనం పన్నెండు గంటల షిఫ్టు. మర్నాడు అదే పెద్దమనిషి కంపెనీ ఉద్యోగ ప్రకటన వస్తుంది: ప్రముఖ విద్యాసంస్థల పట్టభద్రులకే అవకాశం. పని చేసేవాడికి పని గొప్పదని చెప్పడం సులువు. జీతం దగ్గర చెప్పడమే కష్టం.

మహాద్వారం దగ్గర క్యూలో నా ముందున్న పీలేరు పెద్దాయనకు ఈ గునపం కథ చెప్పాను. కొడుకు భుజం తట్టి, వాడి తల పైకెత్తి మరీ చూపించాడు.

"దీనికి మొక్కుకుంటే మావోడికి ర్యాంకు వస్తాదా అన్నా?" అన్నాడు.

"తవ్వుతానని మొక్కుకోవాలేమో సామీ!"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "దానికేముందిలే, తవ్వేదానికి మనిషిని పెట్టుకుంటాం."