టేపు పెట్టి కొలిచిన సముద్రం

ఓర్కా తిమింగిలానికి ఎన్ని నీళ్లు కావాలో అమెరికా ప్రభుత్వం ఎప్పుడో లెక్క తేల్చేసింది. నమ్మకపోతే వాళ్ల జంతు సంక్షేమ నిబంధనలు తిరగేయండి. సగటు ఓర్కా పొడవు 24 అడుగులు. తొట్టి అడ్డం అందుకు రెట్టింపు, 48 అడుగులు ఉంటే చాలు. లోతు ఒంటి పొడవులో సగం, 12 అడుగులు. ఒక్కరోజులో వంద మైళ్లదాకా ఈదగల ప్రాణికి ఇంతకన్నా ఏం కావాలి? ఇదే లెక్కన ఆరడుగుల అల్లుడికి పన్నెండడుగుల గది ఇచ్చి, నడుం లోతు నీళ్లు నింపి, "ఇల్లరికం ఎలా ఉంది బాబూ?" అని అడగొచ్చు.

అలాంటి ఇల్లరికమే లోలిటా అనే ఓర్కాది. 1970 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని పెన్ కోవ్ దగ్గర పడవలూ విమానాలూ పేలుడు మందులతో ఓర్కాల గుంపుని తరిమి, పిల్లల్ని తల్లుల నుంచి విడదీశారు. వలల్లో చిక్కి చచ్చిన పిల్లల పొట్టలు కోసి, రాళ్లు నింపి, గుట్టుగా ముంచేశారు. సముద్రానికి గుట్టు దాచడం రాదు. నవంబరుకల్లా కళేబరాల్ని ఒడ్డున పడేసింది.

బతికి బట్టకట్టిన నాలుగేళ్ల పిల్ల ఒకటి మయామీ సీక్వేరియం అనే జలజంతు ప్రదర్శనశాలకి చేరింది. తంతే బూరెలగంపలో పడ్డదన్నమాట! ఆ పసిదానికి నబకోవ్ నవల వెతికి మరీ లోలిటా అని పేరు పెట్టినవాడి సాహిత్యాభిరుచికి వేరే దండం పెట్టాలి.

తొట్టి పొడవు 80 అడుగులు. ఎంత లోతున్నచోటైనా 20 అడుగులే. పెరిగాక లోలిటా పొడవూ ఇంచుమించు అంతే. అడ్డం దగ్గరే చిన్న పేచీ వచ్చింది. తొట్టి మధ్యలో శిక్షకులు నిలబడే కాంక్రీటు దిమ్మె ఉంది. ముందు గోడకీ దిమ్మెకీ మధ్య 35 అడుగులే. 48 ఉండాలి కదండీ అని జంతు ప్రేమికులు అడిగితే, అధికారులు దిమ్మె అవతలి నీళ్లు కూడా కలిపి కొలిచి, సరిపోయిందన్నారు. వీధిలోకి చొచ్చుకొచ్చిన అరుగుని వీధి వెడల్పులోనే కలిపి రాసే సర్వేయర్లు మన దగ్గరే ఉన్నారనుకున్నాను.

తోడుగా హ్యూగో అనే మగ ఓర్కా ఉండేది. గోడలకేసి తల కొట్టుకునేది. 1980లో మెదడులో రక్తనాళం చిట్లి చచ్చిపోయింది. ఆ తర్వాత లోలిటా మరో ఓర్కా మొహం చూడలేదు. ఆటలు మాత్రం ఆగలేదు.

ఇదంతా పిల్లల విజ్ఞానం కోసమట! ఈల మోగితే ఎగరాలి, చెయ్యి ఊపితే తల ఊపాలి, బకెట్లోంచి చచ్చిన చేప వచ్చి నోట్లో పడుతుంది. మన గంగిరెద్దులవాళ్లు నయం. సన్నాయి ఊది బియ్యం అడుగుతారు గానీ, జీవశాస్త్రం బోధిస్తున్నామనరు. లోలిటా పుట్టిన గుంపులో కొడుకులూ కూతుళ్లూ బతికినన్నాళ్లూ తల్లి వెంటే ఉంటారు, ఒక్కో గుంపుకీ ఒక్కో యాస. అసలు పాఠం అది. చెబుదామంటే తొట్టిలో తల్లేదీ? ముందు వరసలో కూర్చుంటే తడుస్తాం అన్న జ్ఞానంతో పిల్లలు ఇళ్లకి పోయేవారు.

యాభై దాటిన ఆ ప్రాణిని, వద్దన్న పశువైద్యుల మాట పెడచెవిన పెట్టి గెంతించారని, దవడకి దెబ్బ తగిలిందని, తిండి తగ్గించారని, పాడైన చేపలు పెట్టారని 2021లో రాసింది ఎవరో గిట్టనివాళ్లు కాదు, ప్రభుత్వ తనిఖీదార్లే. టేపు పట్టుకున్నదీ వాళ్ల శాఖే.

2023 మార్చిలో లోలిటాని పుట్టింటికి పంపిస్తామని ఘనంగా ప్రకటించారు. ఆగస్టులో చనిపోయింది. సెప్టెంబరులో పుట్టింటి వైపు ఆదివాసులు, లమ్మీ తెగవాళ్లు, చితాభస్మం తీసుకెళ్లి అక్కడి సముద్రంలో కలిపారు. ఈసారి కొలతల దగ్గర పేచీ రాలేదు.