మూడు ట్రాక్టర్ల మన్ను

జమ్మలమడుగుకు ఐదారు మైళ్ల దూరంలో ఒక ఊరు. ఆ ఊరి హైస్కూలుకు సాంఘికశాస్త్రం చెప్పడానికి పులివెందుల సారొకాయన వచ్చాడు. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున బస్సుకు దిగి సాయంత్రం బస్సుకు ఎక్కుతాడు. ఏడో తరగతికి భూకంపాల పాఠం వచ్చిందంటే మాత్రం పుస్తకాలు మూసి పెట్టమంటాడు.

ఆ ఏడు రెండు నాపబండ ముక్కలు తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. భూమి పైపెంకు ఇట్లాంటి పలకలుగా ఉందన్నాడు. మన దేశాన్ని మోస్తున్న పలక ఏడాదికి ఐదు సెంటీమీటర్ల లెక్కన ఉత్తరానికి జరుగుతోందనీ, ఆ తోపుడుకే హిమాలయాలు లేచాయనీ చెప్పాడు. చెబుతూనే ఒక బండను రెండోదాని అంచుకు అదిమిపెట్టి ముందుకు నెట్టాడు. గరుకు అంచులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కదల్లేదు. ఇంకా నెట్టాడు. కదల్లేదు. బలమంతా పెట్టేసరికి ఒక్కసారిగా జారాయి. బల్లమీది సుద్దముక్కలు ఎగిరి కిందపడ్డాయి.

"అదే భూకంపం" అన్నాడు సారు. "ఏండ్ల తరబడి పట్టి ఉంచిన బలం ఒక్క క్షణంలో బయటికొస్తాది."

"మన ఊరికీ వస్తాదా సార్?" అని ఎవరో అడిగారు.

సారు పటం తీశాడు. 2002లో దేశాన్ని రెండు నుంచి ఐదు దాకా నాలుగు జోన్లు చేశారు. జమ్మలమడుగు వైపు రెండో జోన్. అన్నిటికంటే ప్రమాదం తక్కువ. పలక అంచు ఎక్కడో హిమాలయాల కింద ఉంది, మనం నడిమధ్యన ఉన్నాం. గండికోట లోయ గోడల్లో కనిపించే రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. పులివెందుల పేరుతోనే ఒక రాతిపొర ఉందని, దాన్ని శాస్త్రజ్ఞులు పులివెందుల క్వార్ట్‌జైట్ అంటారని చెప్పినప్పుడు సారు గొంతులో కాస్త గర్వం వినబడింది. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు.

మరుసటిరోజు కిల్లారి గురించి చెప్పాడు.

మహారాష్ట్రలో లాతూరు జిల్లా. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చి అలసిపోయి పడుకున్న జనం. తీవ్రత 6.2. దాదాపు పదివేలమంది చనిపోయారు. కిల్లారి కూడా పలక నడిమధ్యనే ఉంది. అప్పటి పటంలో అది అన్నిటికంటే ప్రమాదం తక్కువ ఉన్న జోన్.

మూడున్నర నెలలకు, 1994 జనవరి 17న, అమెరికాలో లాస్ ఏంజిలస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో భూమి కదిలింది. అదీ తెల్లవారుజామే. తీవ్రత 6.7. పాయింట్లలో తేడా కొంచెమే కానీ, బయటికొచ్చిన శక్తి ఐదు రెట్ల పైమాట. చనిపోయినవాళ్లు అరవైమంది దరిదాపు.

"పెద్ద భూకంపానికి అరవైమంది. చిన్నదానికి పదివేలు. ఎందుకు?"

ఎవరూ పలకలేదు. సారు బోర్డుమీద కిల్లారి ఇల్లు గీశాడు. మందమైన రాతిగోడలు. రాళ్ల మధ్య మట్టి. గోడలమీద దూలాలు, దూలాలమీద కట్టెలు, కట్టెలమీద మన్ను. వానకు కారకుండా ఏటా దానిమీద ఇంకొంచెం మన్ను. భూమి ఊగితే మట్టితో కట్టిన గోడ రాయికి రాయి విడిపోతుంది. పైనున్న మన్నంతా కిందికొస్తుంది.

బొమ్మ పూర్తికాకముందే ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"సార్, అది మా ఇల్లు."

ఆ ఊళ్లో మట్టిమిద్దెలు ఇంకా పదో పన్నెండో మిగిలాయి. దూలాలమీద దంతెలనే కట్టెలు, పైన చౌడుమన్ను. సారు ఆ ఇళ్ల పిల్లలందరికీ పని చెప్పాడు. మిద్దెమీద మన్ను ఎంత మందం ఉందో కొలుచుకుని రావాలి.

ఆ పిల్ల స్కేలు పట్టుకుని మిద్దెక్కింది. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం మిద్దెకు గవాచి ఉంటుంది. దాని అంచున మన్ను కోసినట్టు కనిపిస్తుంది. అర అడుగు స్కేలు. ఒకసారి పెట్టింది, చాలలేదు. రెండోసారి పెట్టింది. మూడోసారికి సరిపోయింది. ఒకటిన్నర అడుగు.

మందమంతా ఒక రంగు కాదు. తెల్లగా ఒక పొర, ఎర్రగా ఒక పొర, మళ్లీ తెల్లగా. కింద మంచంమీద పడుకున్న అవ్వ గవాచిలోంచి కనబడుతున్న మనవరాలి మొహం చూసి, ఏం చేస్తాండావే అని అడిగింది. విని, పడుకున్నచోటి నుంచే పొరల లెక్క చెప్పింది.

"పైది మీ నాయన యేసిన చౌడు. దాని కిందుండే ఎర్రమన్ను మీ తాత మిట్టమీంచి తోలించినాడు. అడుగునుండేది నేను కాపురానికొచ్చిన ఏడు మా మామ యేసింది. ఎవరు యేసినా పైన యేసినోళ్లే. తీసినోళ్లు లేరు."

తరగతిలో లెక్క కట్టారు. గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒకటిన్నర అడుగు మందం. నూట ఎనభై ఘనపుటడుగులు. ఘనపుటడుగు మన్ను నలభై ఐదు కిలోలనుకుంటే ఎనిమిదివేల నూరు కిలోలు. ట్రాక్టరుకు మూడు టన్నులు.

"ఎన్ని ట్రాక్టర్లు?" అన్నాడు సారు.

"మూడు సార్. కొంచెం తక్కువ."

"తడిస్తే?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "తడిస్తే ఇంకా ఎక్కువ బరువు సార్."

తరువాతి వారం పరీక్ష పెట్టాడు. కిల్లారిలో అంత ప్రాణనష్టం జరగడానికి కారణం ఏమి? నాలుగు మార్కులు. చాలామంది గైడులో ఉన్నట్టు, భూకంపం ఒక ప్రకృతి వైపరీత్యం, అందువల్ల జరిగింది అని రాశారు. సారు వాళ్లందరికీ ఎర్రసిరాతో సున్నా పెట్టాడు. పేపర్లు ఇచ్చేటప్పుడు ఆయన గొంతు పెంచడం పిల్లలు మొదటిసారి విన్నారు.

"భూమి కదలడం వరకే ప్రకృతి. ఆ తర్వాత మీదపడింది మనిషి కట్టిన ఇల్లు. ఆ తప్పు కూడా ప్రకృతిమీదికి తోస్తే, రేప్పొద్దున ఇంకో ఊళ్లోనూ అదే ఇల్లు కడతారు. ఇంకొకసారి ఎవరైనా ఆ మాట రాస్తే నేను ఒప్పుకోను."

నాలుగుకు నాలుగు వచ్చింది ఆ పిల్లకొక్కదానికే. "నెత్తిమీది మన్ను" అని రెండే మాటలు రాసింది.

శనివారం సాయంత్రం బస్సు వదులుకుని సారు వాళ్లింటికి పోయాడు. మిద్దె చూశాడు. ఒక మూల దంతె వంగి ఉంది. పైనుంచి అడుగు మందం మన్ను తీయించమని తండ్రికి చెప్పాడు. తండ్రి కాదనలేదు.

"తీపిస్తా సారూ. శనగ విత్తనం అయిపోనీ."

మన్ను తీయించడం చిన్న పని కాదు. కూలీలు కావాలి, తీసినచోట మళ్లీ చౌడు తొక్కించాలి, అది వానకు ముందే అయిపోవాలి. లేకుంటే తొలి ముసురుకే ఇల్లంతా కారుతుంది. మట్టిమిద్దెను తప్పుపట్టడం ఎవరికైనా తేలికే. కానీ మే నెల ఎండల్లో ఆ వైపు ముసలివాళ్ల ప్రాణం నిలబెట్టేది ఆ మన్ను చల్లదనమే.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. మంచంమీంచి లేచి కూర్చుని, "ఏం నాయనా, మన పక్క ఆ భూకంపం ఎప్పుడన్నా వచ్చిందా?" అని అడిగింది.

సారు అబద్ధం చెప్పలేదు. "మన పక్క తక్కువే అవ్వా. మనది రెండో జోన్."

"అట్లయితే నేను పోయినాక తీసుకోండి" అని మళ్లీ పడుకుంది.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడురోజులు తెరపి లేదు. శనగ విత్తనం సగంలో ఆగిపోయింది. మూడోరోజు రాత్రి తల్లీ తండ్రీ పిల్లా ముందరి వసారాలో పడుకున్నారు. అవ్వ లోపల, గవాచి కింద, ఎప్పుడూ పడుకునే చోటే. వంగిన దంతె మొదట విరిగింది. దాని వెనకాల మిగతావి.

ఊళ్లోవాళ్లు పారలు, గంపలు తీసుకుని పరుగెత్తి వచ్చారు. తెల్లారేదాకా తవ్వారు. తీసిన మన్ను ట్రాక్టరుకెత్తి ఊరిబయట పోశారు. మూడు ట్రాక్టర్లయింది. రాళ్లు, దూలాలు వేరే.

సారు మొదటి బస్సుకే వచ్చాడు. అప్పటికి అవ్వను ఎదురింటి అరుగుమీద పడుకోబెట్టారు. తండ్రి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మట్టి ఖర్చులకు కూడా అప్పు తెచ్చారని పక్కనెవరో సారు చెవిలో వేశారు. విత్తనాలకు తెచ్చిన అప్పు అంతకుముందే ఉంది.

కొంతసేపటికి వీఆర్వో వచ్చాడు. మంచివాడు. పడిన మిద్దె చుట్టూ తిరిగి చూసి, ఫోటోలు తీసుకుని, తహసీల్దారుకు ఈ పూటే అర్జీ పెడితే సాయం తొందరగా వస్తుందన్నాడు. తండ్రికి రాయడం రాదు. పిల్ల నోటుబుక్కులోంచి కాగితం చించుకుని తనే రాసింది.

తహసీల్దారు గారికి రాసుకున్న అర్జీ. మా మిద్దెమీద ఒకటిన్నర అడుగు మన్ను ఉండినది. ఎనిమిదివేల నూరు కిలోలు. తడిసి ఇంకా బరువై, ఆ బరువుకు దంతెలు విరిగి మా అవ్వ చనిపోయినది.

వీఆర్వో చదివి కాగితం మెల్లగా కింద పెట్టాడు.

"నువ్వు రాసింది నిజమే పాపా. నేనూ కండ్లారా చూస్తి. కానీ ఇట్ల రాస్తే పైన ఒప్పుకోరు. అంత మన్ను ఎందుకు పెట్టుకున్నారు, ముందే ఎందుకు తీయలేదు అంటారు. తప్పు మీ నాయనదైతాది. ప్రకృతి వైపరీత్యం అని ఉంటేనే డబ్బులొచ్చేది."

తండ్రి తల ఎత్తలేదు. పిల్ల సారు వైపు చూసింది.

"వైపరీత్యం అని రాయాలా సార్?"

సారు ఎదురుగా ఉన్న మొండిగోడల్ని చూశాడు. తండ్రిని చూశాడు. పిల్ల చేతిలోని కాగితం తీసుకుని, మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు. నోటుబుక్కులోంచి ఇంకో కాగితం చించి ఇచ్చాడు.

"వీఆర్వో సారు చెప్పినట్టు రాయమ్మా."

పిల్ల వంగి రాసింది. ఒక్క కొట్టివేత లేదు. రాయడం అయ్యాక, పరీక్ష పేపరు ఇచ్చినట్టు రెండు చేతులతో కాగితం అందించింది.

"తప్పులేమన్నా ఉండాయేమో చూడండి సార్."

సారు ఒకసారి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"లేవమ్మా" అన్నాడు.