విశ్వాసానికి వడ్డీ ఆరు శాతం

2020 మార్చి 29, ఆదివారం. లాక్‌డౌన్‌లో మూతపడినా సరే, యజమానులు జీతాల్లో పైసా కోత పెట్టొద్దని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడు సోమవారం. తెలంగాణలోకెల్లా పెద్ద యజమాని, అంటే రాష్ట్ర ప్రభుత్వం, తన ఉద్యోగుల జీతంలో సగం కోసేసింది. వికారాబాద్ కలెక్టరేట్‌లో గుమాస్తా ఎవరైనా ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, మొదటిది తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఓనరుకనీ, రెండోది తనకనీ ఇట్టే అర్థమైపోయి ఉంటుంది.

కోతలోనూ హోదాలు పాటించారు. ముఖ్యమంత్రి మొదలు స్థానిక సంస్థల ప్రతినిధుల దాకా 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! పెద్దవాళ్లే పెద్ద త్యాగం చేశారు. కాకపోతే 75 శాతం పోయిన ఏ మంత్రిగారింట్లోనూ పాలప్యాకెట్లు తగ్గినట్టు వార్త రాలేదు. పది శాతం పోయిన అటెండరు ఇంట్లో మాత్రం తగ్గే ఉంటాయి. ఆ జాబితాలో పింఛనుదారులనూ చేర్చారు, వాళ్లకూ సగమే అన్నారు. యజమాని నచ్చకపోతే ఉద్యోగి రాజీనామా చేయొచ్చు. పింఛనుదారుకు ఆ సౌకర్యం కూడా లేదు, ఆల్రెడీ రిటైరయ్యాడు.

ఉద్యోగులు విశ్వాసం చూపించలేదా అంటే, అదీ చూపించారు. కోతకు కొద్ది రోజుల ముందే ఉద్యోగ సంఘాలు ఒకరోజు మూలవేతనం విరాళంగా ఇస్తామని ముఖ్యమంత్రికి లేఖ అందించాయి. ఒకరోజు ఇస్తామన్నవాళ్ల దగ్గర పదిహేను రోజులది తీసుకున్నారు. ఏ చట్టం కింద కోశారన్న ప్రశ్న కోర్టుదాకా వెళ్లింది. జూన్ నడిమికి ఆర్డినెన్సు వచ్చింది. అప్పటికి మార్చి, ఏప్రిల్, మే జీతాలు కోసేయడం అయిపోయింది. బస్సు దిగి ఇంటికెళ్లాక టికెట్టు కొట్టినట్టన్నమాట. ఆపిన డబ్బు అక్టోబరు నుంచి వాయిదాల్లో వచ్చింది.

మరి వాడుకున్న ఆ డబ్బుకు అద్దె? ఆ సంగతి ఆంధ్రప్రదేశ్‌లో తేలింది. అక్కడా అలాగే సగం ఆపితే ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకెక్కారు. 12 శాతం వడ్డీతో కట్టమని హైకోర్టు అంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఆరు శాతానికి దించింది. ఉద్యోగి విశ్వాసం విలువ ఎంత అని ఎన్నేళ్లుగానో వ్యక్తిత్వ వికాస నిపుణులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఏడాదికి ఆరు రూపాయలు, నూటికి. తాండూరు బజారులో ఆ రేటుకు చేబదులు అడిగి చూడండి, ఎవరిస్తారో.

అసలు యజమానికి విధేయంగా ఉండటం ఎలాగో ఇంతకు ఆరు నెలల ముందే తాండూరు, వికారాబాద్, పరిగి బస్ డిపోలు నేర్చుకున్నాయి. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. రాష్ట్రమంతా కలిపి దాదాపు 48 వేల మంది. గడువులోగా రానివాళ్లను మేం తీసేశామని సర్కారు అనలేదు. వాళ్లంతట వాళ్లే డిస్మిస్ అయిపోయారంది. యజమాని చేతికి మట్టంటని ఈ 'సెల్ఫ్ డిస్మిస్' విధానానికి పేటెంటు తీసుకోకపోవడం రాష్ట్రానికి తీరని నష్టం. సమ్మెకు ముందు ఒళ్లొంచి పనిచేసిన సెప్టెంబరు జీతమూ ఆపేశారు. హైకోర్టు అడిగితే, కావలసింది 239 కోట్లు, చేతిలో ఉన్నది ఏడున్నర కోట్లు అన్నారు. అదే రోజుల్లో స్టీరింగు పట్టుకున్న తాత్కాలిక డ్రైవరుకు రోజుకు 1,500 రూపాయలు, కండక్టరుకు వెయ్యి ఇచ్చారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న డ్రైవరుకు నెల జీతం లేదు, నిన్న వచ్చినవాడికి రోజుకు రోజు లెక్క.

నవంబరు 5 అర్ధరాత్రి లోపు చేరితేనే ఉద్యోగం అన్నారు. చేరింది కొన్ని వందల మంది. 52 రోజులయ్యాక సంఘాలే సమ్మె విరమించి, వస్తామని డిపోలకు పోతే పోలీసులు గేటు దగ్గరే ఆపారు. నవంబరు 29న రమ్మని ప్రభుత్వమే పిలిచింది. డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రగతి భవన్‌లో కార్మికులను కూర్చోబెట్టి భోజనం పెట్టారు. తమను తాము తీసేసుకున్నవాళ్లకు విందు పెట్టిన సంస్థ ప్రపంచంలో ఇంకోటి ఉంటే చెప్పండి.

ప్రభుత్వోద్యోగికి సగమైనా వచ్చింది, మిగతా సగమూ ఆలస్యంగా దక్కింది. ప్రైవేటు బడి టీచరు లెక్క వేరు. 2020 మార్చిలో బళ్లు మూశాక ఫోన్‌లో పాఠాలు చెప్పించుకుని, జీతం ఊసెత్తితే, "ఫీజులు వస్తలేవు మేడం, జర ఓపిక పట్టుండ్రి" అన్న యాజమాన్యాలకు ఏ జిల్లాలోనూ కొదవ లేదు. ఇక్కడ జీవో లేదు, శాతాలు లేవు, వాయిదాలు అసలే లేవు. కూరగాయలమ్మిన టీచర్లు, ఉపాధి హామీ పనికి పోయిన టీచర్లు పత్రికల్లో ఫొటోలయ్యారు. 2021 ఏప్రిల్‌లో సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ప్రకటించింది. ఆ సరికి కేంద్రం కోత వద్దన్న ఉత్తర్వు పోయి ఏడాది కావస్తోంది. 2020 మే 18 నుంచే దాన్ని ఎత్తేశారు. జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడుకోండి అంది. ఆరువేల జీతపు టీచరమ్మ కరస్పాండెంటుగారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చునే దృశ్యం కోర్టువారు ఊహించుకునే ఉంటారు.

పెద్ద కంపెనీల్లో ఇంత మోటుగా ఉండదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి ఆరున్నర లక్షలని చెప్పి ఎంపిక చేసుకున్న కొత్త కుర్రాళ్లను మూడున్నర లక్షలకు వస్తారా అని మర్యాదగా మెయిల్‌లో అడిగింది. ఉద్యోగంలో చేరకముందే కోత పడటం ఆధునికత.

ఉండిపోయినవాళ్లంతా విశ్వాసపాత్రులని యజమానులు పొరబడుతుంటారు. చాలామంది ఉండేది ఇంటి లోను కోసం, పిల్లల బడి కోసం, ఇంకో చోట పని దొరకదేమోనన్న భయం వల్ల. ఉన్నంత మాత్రాన ఉద్యోగం దక్కుతుందా అంటే, కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్‌ను అడగాలి. తాండూరు దగ్గర కరన్‌కోట్‌లో దాని ఫ్యాక్టరీ నడుస్తోంది. ఆదిలాబాద్‌లో అదే కంపెనీది 1990ల్లో మూతపడి తెరుచుకోనేలేదు. అక్కడి కార్మికులు కంపెనీని తక్కువ ప్రేమించారని ఎవరూ అనలేరు.

కాబట్టి ఈసారి సార్ క్యాబిన్‌కు పిలిచి, కష్టకాలం, సగం జీతం అంటే కన్నీళ్లు పెట్టుకోకండి, చేతులూ కట్టుకోకండి. కాగితం అడగండి. ఎంత కోత, ఎన్ని నెలలు, ఎప్పుడు తిరిగిస్తారు, వడ్డీ ఎంత, సార్ తనకెంత కోసుకున్నారు. ఈ ఐదూ రాసి సంతకం పెట్టిస్తే ఉండటం గురించి ఆలోచించవచ్చు. అంత తీరిక లేదంటారా? హైదరాబాద్ రైళ్ల టైములు వికారాబాద్ స్టేషన్‌లో బోర్డు మీద ఉంటాయి.