మూడో నంబరు సాంచా

సాంచాకు ‘నేను’ అనుకునే అలవాటు లేదు. ఎనిమిదింటి వరుసలో గోడ దిక్కు నుంచి మూడోది, కాబట్టి మూడో నంబరు. “మూడో నంబర్ల పోగు తెగింది సూడు”, “మూడో నంబరుకు బీము ఎక్కియ్యి” అని మనుషులు అరుచుకుంటుంటే విన్న కథే దీని ఆత్మకథ. ఊరు సిరిసిల్ల, మానేరు ఒడ్డు. బయటివాళ్లు పవర్‌లూమ్ అంటారు గానీ ఇక్కడ ఆ పేరుతో పిలిస్తే ఎవరూ తలెత్తి చూడరు.

మూడో నంబరు సిరిసిల్లలో పుట్టలేదు. పోత ఇనుప ఒంటితో మొదట బొంబాయి దగ్గరి భీవండిలో నడిచింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల్లో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. మిల్లుల్లో ఆగిన గుడ్డ భీవండి సాంచాల మీదికి వచ్చి పడింది. ఆ సాంచాల పక్కన నిలబడ్డవాళ్లలో సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకుని పోయిన పద్మశాలీలు బోలెడుమంది. అక్కడి పద్మానగర్‌లో తిరిగితే మహారాష్ట్రలో ఉన్నామన్న సంగతే మరిచిపోతాం.

1984 మే నెలలో భీవండిలో మతకలహాలు చెలరేగాయి. ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని ఊరి బాట పట్టాయి. వాళ్ల చేతికి వచ్చిన పని సాంచా పనే. సిరిసిల్లలో అప్పటికే సాంచాలు నడుస్తున్నాయి. వచ్చినవాళ్లతో మరిన్ని పెరిగాయి. మూడో నంబరు అట్లా సెకండ్‌హ్యాండ్ సరుకుగా లారీ దిగింది.

దిగిన ఇంట్లో ఒక గుంట మగ్గం ఉండేది. తాత దాని మీదే నేసి పిల్లల్ని పెంచాడు. సాంచాలకు జాగా చాలడం లేదని మగ్గాన్ని విప్పి అటకెక్కించారు. మరుసటి ఏడే, 1985లో, కొన్ని రకాల గుడ్డను చేనేతకే ప్రత్యేకిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. చట్టం ఢిల్లీలో ఉంది, మగ్గం అటక మీదే ఉండిపోయింది. ఆ పాపంలో మూడో నంబరుకు వాటా లేదని ఎవరూ అనలేరు, అది కూడా అనదు.

ముందు గదుల్లో సంసారం, వెనక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు. దాన్నే కార్ఖానా అన్నారు. పగలు తాత, రాత్రి కొడుకు, పన్నెండేసి గంటలు. ఎనిమిదింటినీ ఒక్క మనిషే చూసుకోవాలి. కోడలు కండెలు చుట్టేది. చేయి ఖాళీ అయితే బీడీల చాట ముందేసుకునేది. “బిడ్డా, మూడో నంబరుకు కండెలు అయిపోయినయ్” అని తాత కేకేస్తే, ఆ చప్పుడులో మాట వినబడక పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేది.

చప్పుడంతా నాడెది. పన్నె ముందు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి నిమిషానికి నూట ఇరవై సార్లు ఉరుకుతుంది. ప్రతి ఉరుకుకూ ఒక దెబ్బ, ఒక అడ్డుపోగు. ఆ అడ్డుపోగునే పిక్కు అంటారు. పోగు తెగితే సాంచా ఆపి, వంగి, వేల పోగుల్లో తెగినదాన్ని వేళ్లతో వెతికి, పన్నెలోంచి లాగి ముడి వేయాలి. అంతసేపూ పిక్కులు పడవు. పిక్కులు పడకపోతే కూలి లేదు, ఎందుకంటే కూలి లెక్క కట్టేది వాటి మీదే.

ఈ ఇంటాయనను యజమాని అనడానికి లేదు, ఆసామి అంటారు. సిరిసిల్ల కష్టమంతా ఆ స్థానంలో ఉంది. నూలు సేటుది, అంటే పెద్ద వ్యాపారిది. నేసిన గుడ్డ కూడా సేటుదే. షెడ్డు, కరెంటు బిల్లు, మోటారు రిపేరు, నడుం నొప్పి మాత్రం ఆసామివి. సేటు నూలు ఆపితే, సేటుకు పైన ఉన్న బజారు పడిపోతే, కార్ఖానా ఆగిపోతుంది. 1990ల చివరి నుంచి ఏళ్ల తరబడి సిరిసిల్ల పేరు పత్రికల్లో నేత కార్మికుల ఆత్మహత్యలతోనే కనిపించింది. అప్పులు కొన్ని ఇళ్లను తుడిచిపెట్టాయి. మూడో నంబరు వరుసలో రెండు సాంచాలు ఆ రోజుల్లోనే అమ్ముడుపోయాయి. అయినా దాని నంబరు మారలేదు.

పెద్ద కార్ఖానాల గతి మెరుగ్గా ఉందా అంటే అదీ లేదు. కోరుట్లకు దగ్గర్లోనే, మల్లాపూర్ మండలం ముత్యంపేటలో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఉంది. 2002లో ఆ సంస్థలో మెజారిటీ వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో ముత్యంపేట గేటుకు తాళం పడింది. చుట్టుపక్కల చెరకు రైతు ఎవరికి అమ్మాలో తెలియక నిలబడ్డాడు. పని కోసం గల్ఫ్ బాట పట్టడం ఆ దిక్కు జనానికి ముందే అలవాటు.

2017లో తెలంగాణ సర్కారు పండక్కి ఆడవాళ్లకు పంచే బతుకమ్మ చీరలు మొదలుపెట్టింది. తొలి ఏడు వ్యవధి చాలక సూరత్ నుంచి కూడా చీరలు తెప్పించారు, నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు మండిపడ్డారు. ఆ తర్వాత ఆర్డరు సిరిసిల్ల చేతికొచ్చింది. ఏటా దాదాపు కోటి చీరలు! పాత సాంచాలకు డిజైన్లు నేసే డాబీలు బిగించారు, అంచుకు జరీ వచ్చింది. జాకెట్టు ముక్కతో కలిపి చీర 6.3 మీటర్లు. అంగుళానికి 50 పిక్కులు అనుకుంటే ఒక చీరకు 12,400 పిక్కులు. మూడో నంబరు ఒక్క పోగూ తెగకుండా నడిస్తే గంటా నలభై మూడు నిమిషాలు. ఆ ఏళ్లలో ఇంట్లో అప్పు తగ్గింది, రేకులు మారాయి. సాంచా జీవితంలో అంతకన్నా మంచి కాలం లేదు.

2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. నెలల తరబడి షెడ్డుకు తాళం. అయినా పండక్కి సాంచాకు దండ వేసే ఇంట్లో దాన్ని వెంటనే అమ్మబుద్ధి కాదు. తంగళ్లపల్లి మండలం బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు ఉన్నా, ఈ ఇంటికి అందులో చోటు దొరకలేదు. ఇక నాడె లేని ఎయిర్‌జెట్ మగ్గాలైతే నిమిషానికి ఆరువందల పిక్కుల పైనే వేస్తాయి. వాటితో పోటీ మాట ఎత్తడం కూడా దండగ. చివరికి కొడుకు చేతులెత్తేశాడు. మిగిలిన ఆరు సాంచాలూ కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు పోయాయి. తూకం వేసినవాడు నంబరు అడగలేదు.

అదే 2024లో వేములవాడలో నూలు డిపో తెరిచారు. మరుసటి ఏడు స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే ఇందిరమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది, ఊళ్లో మిగిలిన సాంచాలు మళ్లీ కదిలాయి. మంచిదే. కానీ ఆర్డరు ఇచ్చేదీ, ఆపేదీ ఇప్పటికీ సర్కారే. సేటు కుర్చీలో సర్కారు కూర్చుంది, ఆసామి మాత్రం కదలలేదు. మూడో నంబరు నడిచినంత కాలంలో ఆ ఇల్లు తన పేరుతో బజారులో ఒక్క మీటరు గుడ్డ కూడా అమ్ముకోలేదు.